ఇరుసును రుద్దుదాం, చక్రాన్ని వదిలేద్దాం

పోయిన జనవరిలో ఒక శనివారం పొద్దున, ఇక్కడి ఎలిమెంటరీ స్కూలు జిమ్‌లో స్కౌట్ల చెక్క బొమ్మకార్ల పందేనికి ముందు తనిఖీ. బల్ల వెనక కూర్చున్న పెద్దాయన మా అమ్మాయి కారుని తిరగేసి, చక్రాలను ఒక్కొక్కటే వేలితో తిప్పి చూశాడు. మూడో చక్రం దగ్గర ఆగాడు. కళ్లజోడు ముక్కు మీదకి దించుకుని, చక్రం లోపలి అంచుని గోటితో గీరి, "వీటిని లేతు మీద చెక్కించారు కదూ" అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు. పిల్ల చేతిలో చాక్లెట్ ఎక్కడిదని అడిగినట్టు అడిగాడు.

అడిగింది మా అమ్మాయిని కాదు, నన్ను. ఆ రోజంతా నాకు గుచ్చుకున్నది ఆ సంగతే. ఎనిమిదేళ్ల పిల్ల లేతు మీద చక్రం చెక్కదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

నిజానికి చెక్కింది నేనూ కాదు. ఇంటర్నెట్‌లో కొన్నాను. కిట్, అంటే కారు విడిభాగాల పెట్టె, మొత్తానికి అయ్యే డబ్బుకి నాలుగింతలు పెట్టి, నాలుగు చక్రాలు. "అధికారిక చక్రాలే వాడాలి" అని రూల్సు కాగితంలో ఉంది, చదివాను కూడా. చక్రం అధికారికమే, పక్కన స్కౌట్ల అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, లోపలి ప్లాస్టిక్ సగానికి పైగా లేదు, అంతే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మన వాళ్లం రూల్సు చదవడంలో ఘనులం. ఎక్కడ సందుందో చూడటానికే చదువుతాం.

చివరికి అక్కడే ఇంకో కిట్ కొని, అందులోని చక్రాలు పీకి, జిమ్ మూలన నేల మీద కూర్చుని పావుగంటలో బిగించాం. ఒక చక్రం కాస్త వంకర తిరుగుతోందని కళ్లకే కనిపిస్తోంది. చేసేదేం లేదు. అమ్మాయి వేళ్ల నిండా, తెల్ల సాక్సు నిండా ఇరుసులకి వేసే గ్రాఫైట్ పొడి నలుపు. పరుగులో కారు ఎక్కడుందో చెప్పను. కింది నుంచి లెక్కపెట్టుకోవడం సులువు.

ఇంత గొడవ దేని గురించో తెలియని వాళ్లకి రెండు ముక్కలు. అమెరికాలో కబ్ స్కౌట్స్ అని చిన్నపిల్లల స్కౌటింగు ఉంది, కిండర్‌గార్టెన్ నుంచి అయిదో తరగతి దాకా. 2018 నుంచి ఆడపిల్లలనీ చేర్చుకుంటున్నారు. ఏటా చలికాలంలో వాళ్లకి పైన్‌వుడ్ డెర్బీ జరుగుతుంది. ప్రతి పిల్లకీ ఒక చిన్న పెట్టె ఇస్తారు: 7 అంగుళాల పైన్ చెక్కముక్క, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు, నాలుగు మేకులు. ఆ మేకులే ఇరుసులు. చెక్కని ఎలాగైనా చెక్కుకోవచ్చు, రంగులు వేసుకోవచ్చు, బరువు మాత్రం 5 ఔన్సులు దాటకూడదు, అంటే సుమారు 142 గ్రాములు. మోటారు లేదు, స్ప్రింగు లేదు. సుమారు నాలుగు అడుగుల ఎత్తు నుంచి ఏటవాలు ట్రాక్ మీద వదిలేస్తారు. 42 అడుగుల ట్రాక్ అయితే మంచి కారు మూడు సెకన్ల చుట్టుపక్కల చేరిపోతుంది. గెలుపోటములు సెకనులో వెయ్యో వంతుల్లో తేలతాయి. మూడు సెకన్ల కోసం మూడు వారాలు గరాజ్‌లో గడిపే తండ్రులు డాలస్ చుట్టుపక్కల మా తెలుగు వాళ్లలోనే బోలెడు మంది. అందులో ముందు వరుస నాది.

దీన్ని మొదలుపెట్టిన డాన్ మర్ఫీ కాలిఫోర్నియాలోని మన్‌హాటన్ బీచ్‌లో కబ్‌మాస్టర్, అంటే ప్యాకు అనే స్థానిక కబ్ స్కౌట్ల గుంపుకి పెద్ద. నార్త్ అమెరికన్ ఏవియేషన్ అనే విమానాల కంపెనీలో ఉద్యోగం. వాళ్లబ్బాయికి పదేళ్లు. పిల్లలు తామే కూర్చుని నడిపే సోప్‌బాక్స్ డెర్బీకి అప్పట్లో ఆ వయసు చాలేది కాదు. అందుకని పిల్లాడు చేత్తో పట్టుకునేంత కారుతో వేరే పందెం పెట్టాడు. మొదటి పందెం 1953 మే 15న జరిగింది. నాకు ఇందులో నచ్చేది ఒకటుంది. విమానాల కంపెనీ మనిషి, తలుచుకుంటే బేరింగులకి కొదవా? పిల్లల చేతికి ఇచ్చింది మాత్రం మేకులు. నేటికీ కిట్ రూల్సులో బేరింగులు, వాషర్లు, బుషింగులు నిషేధమే. ఇరుసు మేకుగానే ఉండాలి. ఆ మేకుని మీరేం చేసుకుంటారో మీ ఇష్టం.

ఇక్కడే నా వాదన. ఈ కారులో వేగమంతా నాలుగు చక్రాలు, నాలుగు ఇరుసుల దగ్గరే ఉంది, కారు ఆకారంలో దాదాపు ఏమీ లేదు. కానీ చక్రాన్ని మార్చడం వేరు, ఇరుసుని మార్చడం వేరు. రెంటినీ ఒకే గాటన కట్టి "మార్పులు" అనడం వల్లే ప్యాకుల్లో ఏటా గొడవలు. చక్రాన్ని ముట్టుకోనివ్వకూడదు. ఇరుసుని ఎంతైనా రుద్దుకోనివ్వాలి. ఎందుకో చెప్తాను.

మొదట చక్రం సంగతి. కిట్ చక్రం సుమారు రెండున్నర గ్రాముల బరువు. కారు కిందికి దిగుతున్నప్పుడు, పై నుంచి తెచ్చుకున్న శక్తిలో ఎక్కువ భాగం కారుని ముందుకు నడుపుతుంది, కొంత భాగం చక్రాలని గుండ్రంగా తిప్పడానికి ఖర్చవుతుంది. ఇంటర్‌లో బట్టీ పట్టిన జడత్వ భ్రామకం గుర్తుందా? అదే. నేను కాగితం మీద వేసుకున్న లెక్కలో ఈ ఖర్చు నూటికి నాలుగున్నర వంతు వస్తోంది. చక్రం లోపలి ప్లాస్టిక్ చెక్కేసి గ్రాముకి దించితే అది నూటికి రెండు కంటే తగ్గుతుంది. దాని వల్ల మూడు సెకన్ల పరుగులో సుమారు నూటికి ఒకటిన్నర వంతు కాలం మిగులుతుంది. ఆఖరి గీత దగ్గర కారు గంటకి 17 కిలోమీటర్ల చొప్పున పోతుంది కాబట్టి, ఆ తేడా ఏడెనిమిది అంగుళాలు. అంటే ఒక కారు పొడవు. తక్కువేం కాదు. పక్క లేన్ కారు వెనక బంపరుకి మీ కారు మూతి ఆనుతుందా, లేక మీదే ముందుంటుందా అన్నంత తేడా.

కానీ ఆ ఏడెనిమిది అంగుళాలు ఎక్కడి నుంచి వచ్చాయి? లేతున్న వాడి దగ్గర కొన్నాం. పిల్ల చేసింది పెట్టె విప్పడం. పెద్దవాళ్లకే ప్రత్యేకంగా లీగులున్నాయి, కారుని పెట్టెలో పెట్టి పోస్టులో పంపితే అక్కడెవరో ట్రాక్ మీద పరిగెత్తించి ఫలితాలు రాస్తారు. అక్కడ గ్రాము చక్రాలు మామూలే, ఆ మోజు నాకూ అర్థమవుతుంది. నలభై ఏళ్ల వాళ్లు నలభై ఏళ్ల వాళ్లతో పోటీ పడితే ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇప్పుడు ఇరుసు. కిట్‌లోని మేకుని దీపం దగ్గర పెట్టి చూడండి. తల కింద అచ్చు నుంచి వచ్చిన చిన్న ముళ్లలాంటి బుడిపెలు ఉంటాయి. ఒంటి మీద మెషీను పట్టుకున్న గాట్లుంటాయి. చక్రం తిరిగేది సరిగ్గా ఆ గాట్ల మీదే. చక్రం వ్యాసార్థం 15 మిల్లీమీటర్లు, ఇరుసుది ఒక మిల్లీమీటరు పైచిలుకు. కాబట్టి ఇరుసు దగ్గర జరిగే ఒరిపిడి నేల దగ్గరికి వచ్చేసరికి పదమూడో వంతుకి తగ్గుతుంది. అందుకే బేరింగులు లేకపోయినా ఈ కారు పోతుంది. అయినా మిగిలిన ఆ పదమూడో వంతే 42 అడుగుల పొడవునా లాగుతూనే ఉంటుంది. ఘర్షణ గుణకాన్ని, అంటే ఒరిపిడి ఎంతో చెప్పే అంకెని, 0.2 నుంచి 0.1కి దించగలిగామనుకుని లెక్క వేస్తే నాకు వచ్చిన తేడా అడుగు. ఒకటిన్నర కారు పొడవు. నా లెక్కలో అంగుళాలు అటూ ఇటూ కావచ్చు, వరస మాత్రం మారదు: మేకుని నున్నగా రుద్దితే వచ్చే లాభం, చెక్కిన చక్రాలు కొంటే వచ్చే లాభం కంటే ఎక్కువే. ఇది తెలిశాక పోయినేడాది పెట్టిన ఖర్చు తలుచుకుని రెండు రోజులు నిద్ర పట్టలేదు.

పైగా రుద్దడానికి అయ్యే ఖర్చెంత? మేకుని డ్రిల్లుకి బిగించి, తల కింద ఆకురాయి ఆనించి బుడిపెలు తీసేయాలి. తల లోపలివైపుని కాస్త ఏటవాలుగా గీస్తే ఇంకా మంచిది, చక్రం వచ్చి తలకి ఆనినప్పుడు తాకే చోటు తగ్గుతుంది. ఆ తర్వాత నీళ్లలో తడిపిన ఎమరీ కాగితం సన్నటి పట్టీలుగా కత్తిరించుకుని, 400 నంబరు నుంచి మొదలుపెట్టి 600, 1000, 2000, 3000 (నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు). ఒక నంబరు గీతలు పూర్తిగా పోయేదాకా తర్వాతి నంబరుకి వెళ్లకూడదు. పిల్లలకి ఇదే కష్టం, పెద్దలకి ఇంకా కష్టం. చివరికి మేకులో మొహం కనబడాలి. డ్రిల్లు నేను పట్టుకుంటాను, పట్టీ అమ్మాయి పట్టుకుంటుంది. చక్రం చిల్లు లోపల దూది పుల్లతో, ప్లాస్టిక్ మెరుగుతో చేత్తోనే తిప్పుతూ రుద్దాలి. ఆ పని డ్రిల్లుతో వేగంగా చేస్తే వేడికి ప్లాస్టిక్ కరిగి చిల్లు పాడవుతుంది. ఈ జ్ఞానం నాకు రెండు చక్రాల ఖరీదుకి వచ్చింది.

చక్రాన్ని ముట్టుకోవద్దన్నావు, చిల్లు రుద్దుతున్నావేమిటని మీరు అడగొచ్చు. అడిగారు కూడా, మా ప్యాకులోనే ఒకాయన. చిల్లు ఇరుసుకి సంబంధించింది అని నా సమాధానం. బరువు తగ్గించడం లేదు, ఆకారం మారడం లేదు. కొంచెం తొండి సమాధానమే అనుకోండి, కానీ నిలబడతాను.

దీని మీద మా నాన్నతో వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "కందెన వేశార్రా?" అని. తెనాలి దగ్గర పల్లెటూళ్లో పెరిగిన మనిషి. వాళ్లింట్లో ఎడ్లబండి ఉండేది. బండి చక్రం వడ్రంగి చేస్తాడు, ఇనప పట్టా కమ్మరి ఎక్కిస్తాడు, రైతు దాని మీద చెయ్యి వేయడు. కందెన మాత్రం ఇంట్లో పిల్లల పనట. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, చక్రం జారకుండా ఇరుసు చివర పెట్టే కడచీల ఊడదీసి, చక్రం కాస్త బయటికి లాగి, ఇరుసుకి పూయాలి. పూయకపోతే ఊరికి అవతల నుంచే కీచుమని అందరికీ తెలిసిపోతుంది, ఎవరింటి పిల్లాడు పని ఎగ్గొట్టాడో. మా అమ్మాయికి నేను గ్రాఫైట్ పొడి చూపించి ఇదీ కార్బనే, తాత వాళ్ల మసీ కార్బనే, దీంట్లో పొరలు పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి జారతాయి అని చెప్పాను. తాత చెప్పిన కీచు శబ్దమే దానికి ఎక్కువ నచ్చింది. వారం రోజులు ఇల్లంతా కీచుమంటూ తిరిగింది.

చక్రం కొనుక్కునేది, ఇరుసు మనం చూసుకునేది. నేను ఇంజినీరింగు లెక్కలేసి చేరుకున్న గీత దగ్గరే నాన్న చిన్నప్పటి నుంచి ఉన్నాడన్నమాట.

ఇప్పటిదాకా నల్లేరు మీద నడకే. చిక్కంతా మూడో విషయంలో ఉంది: అమరిక. ఇరుసుని రుద్దితే సరిపోదు, ఏ కోణంలో పెట్టామన్నది అంతకంటే పెద్ద సంగతి. ట్రాక్ మధ్యలో కొంచెం ఎత్తుగా ఒక పట్టీ ఉంటుంది, చక్రాలు దానికి అటూ ఇటూ పోతాయి. అమరిక సరిగా లేని కారు ఆ పట్టీకి ఎడమ వైపు ఒకసారి, కుడి వైపు ఒకసారి కొట్టుకుంటూ తాగుబోతులా పోతుంది. కొట్టుకున్న ప్రతిసారీ వేగం పోతుంది. అనుభవజ్ఞులు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, కారుని తిన్నగా పోనివ్వకుండా కావాలనే కాస్త ఒక పక్కకి లాగేలా ముందు చక్రం ఒకటి వంచి పెట్టడం. అప్పుడా చక్రం మొదటి నుంచి చివరిదాకా పట్టీని ఆనుకునే పోతుంది, అటూ ఇటూ ఊగదు. వెనక ఇరుసులు రెండూ రెండు మూడు డిగ్రీలు వంచి, చక్రాల పైభాగాలు లోపలికి వాలేలా పెడతారు. అలా వాలితే చక్రం దానంతటదే మేకు తల వైపు జరుగుతుంది, చెక్కకి రాసుకోదు. నాలుగో చక్రాన్ని నేలకి తగలకుండా పైకెత్తేస్తారు. తిరగని చక్రానికి శక్తి ఖర్చు లేదు కదా, దానితో ఇంకో మూడు అంగుళాలు.

దీన్ని ఎక్కడ పెట్టాలి? డబ్బు అక్కర్లేదు, వంచిన మేకు, స్క్రూడ్రైవరు చాలు. చెమట కూడా అంతగా అక్కర్లేదు. కావాల్సింది తెలియడం. ఇది మోసమంటే ఒప్పుకోను, తెలుసుకోవడం ఎప్పుడూ మోసం కాదు. కానీ ఈ తెలివి ఏ ఇళ్లలో ఉంటుందో నాకు కనిపిస్తూనే ఉంది. మా వీధిలో తండ్రులు సగం మంది ఇంజినీర్లు. మా అమ్మాయి గుంపులోనే ఒక పిల్లాడికి వాళ్లమ్మ ఒక్కతే. రాత్రి షిఫ్టు చేసి వచ్చి, వాడితో కలిసి చెక్కకి నీలం రంగు వేసింది, మేకులు సుత్తితో కొట్టేసింది. వాడి కారు కిందికి దిగి, చదునులోకి రాగానే నడుస్తున్నట్టయింది. ఆ పిల్లాడి మొహం చూశాక, "తెలివి అందరికీ అందుబాటులో ఉంది, ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు" అనే మాట నా నోట రాదు.

దీనికి కొన్ని ప్యాకులు వేసిన మందు, అన్నీ నిషేధించడం. పెట్టెలో ఏది ఎలా వస్తే అలాగే పెట్టాలి, మేకు కూడా రుద్దకూడదు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ అప్పుడు గెలిచేదెవరు? ప్లాస్టిక్ చక్రాలు అచ్చుల్లో పోస్తారు, ఒక్కో అచ్చు గుంటకి ఒక్కో నంబరు, కొన్ని గుంటల్లో చక్రం కాస్త గుండ్రంగా వస్తుంది, కొన్నింట్లో రాదు. ఈ సంగతి తెలిసిన వాళ్లు పది కిట్లు కొని నంబర్లు చూసి ఏరుకుంటారు. మేకుల గాట్లు కూడా అంతే, నీ పెట్టెలో ఏదొస్తే అది. అంటే ఆ పందెం లాటరీ అవుతుంది, లేదా పది లాటరీ టిక్కెట్లు కొనగలిగిన వాడి పందెం అవుతుంది. పిల్లకి చెయ్యడానికి మిగిలేది రంగు వేయడం. రంగు వేయడం మంచిదే. కానీ రుద్దితే వేగం పెరుగుతుందని ఎనిమిదేళ్లకే చేత్తో తెలుసుకునే అవకాశాన్ని, న్యాయం పేరుతో లాక్కోవడం నాకు మనసొప్పదు.

ఈ ఏడాది కమిటీ ముందు నేను పెట్టిన ప్రతిపాదన ఇది. చక్రాలు కిట్‌వే, చెక్కకుండా. బరువు తూచే త్రాసు ఎలాగూ ఉంది కాబట్టి అనుమానం వస్తే చక్రాన్నీ తూచండి. ఇరుసు మీద ఏ పనైనా చేసుకోవచ్చు. పందేనికి రెండు వారాల ముందు ఒక శనివారం, అందరం ఒకచోట చేరి, డ్రిల్లులున్న వాళ్లు తెచ్చి, ప్రతి పిల్లకీ వంచిన ఇరుసు ఎందుకు, ఎలా అన్నది చూపించాలి. చెక్కిన చక్రాలతో మోజు తీరని తండ్రులకి చివర్లో వేరే పందెం, అందులో నా దగ్గరున్న నాలుగు చక్రాలు నేనే దింపుతాను. మొదటి రెండింటికి తలలూపారు. శనివారం సంగతికి వచ్చేసరికి అందరికీ ఆ రోజు ఏదో ఒక క్లాసు. సాకర్, కూచిపూడి, చదరంగం, మేథ్స్. చివరికి మా గరాజ్‌లో ఆదివారం సాయంత్రం అని కుదిరింది. ఏడుగురు పిల్లలు వచ్చారు. నీలం కారు పిల్లాడూ వచ్చాడు, వాళ్లమ్మ కారులోనే సీటు వెనక్కి వాల్చి నిద్రపోయింది.

ఆ సాయంత్రం నాకు ఒక దెబ్బ కూడా తగిలింది. అందరి చక్రాలూ వేలితో తిప్పి ఎన్ని సెకన్లు తిరుగుతాయో కొలుస్తున్నాం. కిట్ మేకు మీద తొమ్మిది సెకన్లు తిరిగిన చక్రం, రుద్ది గ్రాఫైట్ వేశాక ముప్ఫై దాటింది. నేను గర్వంగా నిలబడ్డాను. నీలం కారు పిల్లాడు అడిగాడు, "కానీ పందెంలో చక్రం మీద కారు బరువు ఉంటుంది కదా, ఇప్పుడు లేదు కదా?" అని. నిజమే. ఖాళీ చక్రం ఎంతసేపు తిరిగిందన్నది, బరువు మోస్తున్నప్పుడు ఎంత ఒరుసుకుంటుందో పూర్తిగా చెప్పదు. అప్పుడు బల్ల ఒక పక్క ఎత్తి, కారు వదిలి, గరాజ్ నేల మీద ఎంత దూరం పోతుందో చాక్‌పీసుతో గీతలు పెట్టాం. వాడే గీతలు గీశాడు. సెకన్లలో మూడింతలైన తేడా, దూరంలో మూడింతలు కాలేదు. అయినా ఎక్కువే వచ్చింది.

మా అమ్మాయికి ఒక నోటుబుక్కు ఉంది, గులాబీ రంగు అట్ట. అందులో కారు పక్కకి ఎంత లాగుతోందో రాసుకుంటోంది. నాలుగు అడుగుల చెక్క మీద వదిలితే, "ఎడమకి 9 అంగుళాలు, ఎక్కువ", "ఎడమకి 1, తక్కువ", "ఎడమకి 4, బాగుంది". ఇరుసు చివర గాటులో స్క్రూడ్రైవరు పెట్టి వెంట్రుకవాసి తిప్పడం, మళ్లీ వదలడం. నేను పక్కన కూర్చుని చేతులు కట్టుకోవడం నేర్చుకుంటున్నాను. డ్రిల్లు పట్టుకోవడం కంటే కష్టం.

పందెం వచ్చే శనివారం. నిన్న రాత్రి మూడు మేకులు 3000 దాకా పూర్తి చేసి, నాలుగోది డ్రిల్లుకి బిగించాను. అమ్మాయి పట్టీ అందుకోలేదు.

"ఇది ఏ చక్రానిది నాన్నా?"

"ముందు కుడి వైపుది."

"అంటే పైకెత్తేసిందేగా? అది నేలకే తగలదు. తిరగదు. మరి దాన్నెందుకు రుద్దడం?"

డ్రిల్లు ఆపేశాను. మేకు ఇంకా గాట్లతోనే బల్ల మీద ఉంది.